మిర్చి బస్తాల మధ్య వీడియో గేము

వీడియో గేములు ఆడుకోవడానికి తయారుచేశారని మీరు ఇంకా నమ్ముతున్నారా? అయ్యో పాపం! అవి దాచుకోవడానికి పుట్టాయి. ఆడటమన్నది వాటికి పట్టిన చీడ. ఈ సత్యం ఖమ్మం మొత్తమ్మీద తెలిసిన మహానుభావుడు ఒక్కడే. పేరు ఉదయ్ భాస్కర్, కాపురం ఖానాపురం హవేలిలో, ఉద్యోగం నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కాలువలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆయన్ను అడగకండి. టీవీకి తగిలించే ఆట డబ్బాల్లో మొదటి తరానివి ఏవో, దేనికి చెక్క ముఖం ఉండేదో, దేనికి తిప్పే మీటలుండేవో అడగండి. మీ టీ చల్లారిపోయేదాకా చెబుతాడు.

ఆడని గేముతో ఎన్ని లాభాలు! కరెంటు బిల్లు పెరగదు. కళ్లజోడు రాదు. అన్నదమ్ములు జుట్లు పట్టుకోరు. ఓడినవాడు అలిగి అన్నం మానేయడు. ఇంత ప్రశాంతమైన వినోదం ఇంకెక్కడైనా ఉందా?

వాళ్లింట్లో ఇనప బీరువా ఒకటుంది. ఒకప్పుడు అందులో ఆయన భార్య ప్రమీల పట్టుచీరలుండేవి. ఇప్పుడు చీరలు అటకెక్కాయి, పాత గేములు బీరువాలోకి దిగాయి. వాటి మధ్య కలరా ఉండలు, చెప్పుల షాపులో అడుక్కొచ్చిన తేమ పీల్చే పొట్లాలు. చుట్టాలొస్తే చేతులు వెనక్కి కట్టుకుని దర్శనం చేసుకోవాలి. తీర్థం ఒక్కటే ఇవ్వరు. "ఒక్క గీత కూడా పడొద్దు!" అన్నది ఆ ఇంటి మూలమంత్రం.

ఆ బీరువాకే రాజులాంటి డబ్బా టేకులపల్లి నుంచి వచ్చింది. అడవిలో వీడియో గేమేమిటని నవ్వకండి. పోతయ్య గారని, అక్కడ ఒకప్పుడు ఫారెస్టు రేంజరు. ఆయన దోస్తు ఎవరో సింగపూర్ నుంచి దాన్ని తెచ్చి బహుమతిచ్చాడు. అప్పటికి క్వార్టర్‌కు కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి టీవీ లేదు. టీవీ వచ్చేసరికి పిల్లలకు పెళ్లిళ్లయిపోయాయి. ఆ రకంగా డబ్బా పాతికేళ్ల పైన టేపు కూడా ఊడకుండా అటక మీద తపస్సు చేసింది. వెనుకబడ్డ ప్రాంతమని మనం ఊరికే తిట్టుకుంటాం గానీ, కరెంటు వేళకు వచ్చి ఉంటే ఇంతటి నిధి దక్కేదా?

"తీస్కపో సారూ. ఇంగ గా ఎలుకలకు భయపడుడు నాతోని కాదు" అని పోతయ్య గారు ఇచ్చేశారు. ఉదయ్ భాస్కర్ బస్సులో డబ్బాకు కూడా ఒక టికెట్ తీసుకుని ఖమ్మం చేరాడు. నెట్ సెంటర్‌కు పరిగెత్తి విదేశీ కలెక్టర్లను అడిగితే, అందరూ ఒకే మాట రాశారు. తెరవొద్దు!

డబ్బా మీద ఒక బొమ్మ ఉంది. అందులో తండ్రీ కూతురూ చెరో మీట తిప్పుతూ, తెర మీద బంతిని అటూ ఇటూ కొట్టుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. ఉదయ్ భాస్కర్ కూతురు సాహిత్య కళ్లు ఆ బొమ్మ మీదే పడ్డాయి. ఆ పిల్ల అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. సెలవులు కాగానే రెసిడెన్షియల్ కాలేజీలో చేరాలి.

"నాన్నా, హాస్టల్‌కు పోయేలోపు ఒక్క ఆట. నువ్వో బ్యాటు, నేనో బ్యాటు."

"తెరిస్తే ఇంగేముంటది తల్లీ! గట్లనే ఉంటేనే దానికి విలువ."

"అసలు పనిచేస్తదో లేదో తెల్వదు గదా?"

"తెరవనంతవరకు పనిచేస్తనే ఉంటది."

ఈ వాక్యాన్ని గోడ మీద రాయించి పెట్టుకోవచ్చు. ప్రభుత్వ శాఖలో ఏళ్లు గడిపితే తప్ప ఇలాంటి జ్ఞానం రాదు.

ఇంతలో మే నెల వచ్చింది. ఖమ్మం ఎండ సంగతి తెలిసిందే. ప్లాస్టిక్ వంకర తిరుగుతుందేమోనని ఉదయ్ భాస్కర్‌కు నిద్ర పట్టలేదు. ఇంట్లో కూలర్ పాడై సాహిత్య తడిగుడ్డ కప్పుకుని పడుకుంటోంది గానీ, ఆ పిల్ల ప్లాస్టిక్ కాదు గదా! చివరికి వెంకటప్పయ్య బాబాయి గుర్తొచ్చాడు. ఆయనకు మార్కెట్ యార్డు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది.

"ఏందిరా అబ్బాయ్, రేటు పెరిగేదాకా అందరూ మిర్చి పెడతరు, నువ్వు బొమ్మ పెడతవా?" అన్నాడు బాబాయి. అయినా తేజా మిర్చి బస్తాల మధ్య చోటిచ్చాడు. డబ్బా చల్లగా నిద్రపోయింది.

కాలేజీకి పోయే ముందురోజు ప్రమీల పట్టుబట్టింది. "ఏమండీ, రేపు పిల్ల పోతది. ఇయ్యాలన్నా ఆ డబ్బా తీస్కరాండి."

తెచ్చాడు. గుమ్మం దాటగానే ఇల్లంతా తుమ్ములు. చలిలోంచి ఎండలోకి వచ్చిన డబ్బాకు ధారగా చెమటలు పట్టాయి. చూస్తుండగానే పాతికేళ్ల టేపు ఒక మూల నుంచి దానంతటదే లేచింది. సాహిత్య చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఉదయ్ భాస్కర్ కూతుర్ని చూశాడు. టేపును చూశాడు.

"జల్దీ గమ్ము తే!" అని అరిచాడు.

టేపు మళ్లీ అతుక్కుంది. సాహిత్య కళ్లు తుడుచుకుంటూ "మిర్చి ఘాటు" అంది. ఆయన నమ్మాడు. ఇంజనీరుకు కారణం దొరికితే చాలు.

మర్నాడు కాలేజీ చూసి ఆయన పొంగిపోయాడు. కిటికీలకు జాలీలు. టీవీ లేదు, ఫోన్ లేదు, గ్రౌండు ఉండాల్సిన చోట స్కూటర్ల స్టాండు. ఆదివారం కూడా స్టడీ అవర్. "బయటి గాలి సోకనియ్యం సార్!" అన్నాడు ప్రిన్సిపాల్. దాచడమంటే ఇదీ! తన బీరువా ఎందుకు పనికొస్తుంది?

నెల తర్వాత ఆదివారం చూడటానికి వెళ్లాడు. సాహిత్య కళ్లజోడుతో వచ్చింది. ఏ గేమూ ఆడకుండానే జోడు వచ్చింది చూడండి! నోరు మూయని పిల్ల, ఇప్పుడు అడిగినదానికి తలూపుతోంది.

"ఏంది తల్లీ, మాట్లాడవు? ఎట్లున్నవ్?"

"బాగనే ఉన్న నాన్నా. ఒక్క గీత కూడా పడలే."

బెల్లు కొట్టారు. పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

పాఠకులు క్షమించాలి, ఆ మధ్యాహ్నం ఉదయ్ భాస్కర్ ఘోరం చేశాడు. ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా డబ్బా టేపు చింపేశాడు. కొత్త సెల్లులు వేసి, వైరు టీవీకి తగిలించాడు. పాడై ఉంటే బాగుండేది, మనసుకు సర్దిచెప్పుకునేవాడు. కానీ అది పనిచేసింది! నల్లటి తెర మధ్యలో తెల్లటి గీత, చెరోపక్క ఒక బ్యాటు, మధ్యలో టిక్కు టిక్కుమంటూ బంతి.

ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి "ఏమైందండీ?" అంది ప్రమీల.

"మిర్చి ఘాటు" అన్నాడు.

ప్రమీల ఇంజనీరు కాదు, నమ్మలేదు.

తర్వాత కాలేజీకి ఫోన్ చేసి, పిల్లను ఒక్కపూట పంపుతారా అని అడిగాడు. "దసరాకు చూద్దాం సార్" అన్నారు. ఆయన మళ్లీ వచ్చి మీట పట్టుకున్నాడు. అవతలి బ్యాటు కదల్లేదు. పాయింట్లన్నీ ఆయనవే.

కనుక అయ్యలారా, అమ్మలారా! మీరూ గెలుస్తూనే ఉండాలంటే మార్గం ఇదొక్కటే. అవతలి మీట పట్టుకోవాల్సిన పిల్లను హాస్టల్లో భద్రంగా దాచిపెట్టండి.