మాత్ర మీద మహాజనసభ

న్యూజిలాండులో డాక్టర్లు ఎందుకండీ? శుద్ధ దండగ!

తొందరపడి నన్ను తిట్టకండి. డాక్టర్ల మీద నాకేమీ కోపం లేదు. పాపం, వాళ్లు చదువుకున్నవాళ్లు. అదే వాళ్లలో లోపం. అన్నేళ్లు చదివిన మనిషి ఏం చేస్తాడు? అడిగినదానికి ఒక జవాబు చెబుతాడు. ఒక్కటంటే ఒక్కటే! దాన్ని పట్టుకుని మనం నోరు మూసుకుని ఇంటికి రావాలి. ఇదెక్కడి న్యాయం?

అదే ప్రశ్న మా ‘బోటనీ తెలుగు బంధువులు’ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. బోటనీ అంటే చెట్ల చదువు కాదు, ఆక్లాండ్‌లో మా పేట పేరు. సభ్యులు రెండు వందల పన్నెండు మంది. జవాబులు మూడు వందలకు తగ్గవు. మనిషికి ఒకటిన్నర చొప్పున పడుతుంది. పొద్దున ఒకటి చెబుతారు, భార్యతో మాట్లాడాక అందులో సగం మార్చుకుంటారు. ఈ గ్రూపుకు అడ్మిన్‌ని నేనే. గొప్పకు చెప్పడం లేదు, బాధ్యత కొద్దీ చెబుతున్నాను.

పోయిన చలికాలం ఒకాయన గది వెచ్చబెట్టే హీట్ పంపులోంచి నీళ్లు కారుతున్నాయన్నాడు. మెకానిక్‌ను పిలవమని ఒక్కరైనా అన్నారా? అంత తెలివితక్కువవాళ్లం కాదు. వాస్తు చూసి, మంచం జరిపించి, సోఫా తిప్పించాం. నీళ్లు ఇప్పటికీ కారుతున్నాయి. కాకపోతే సోఫాలో కూర్చుంటే కనబడవు.

ఇంత ఉపకారం చేసే గ్రూపును పట్టుకుని కొందరు ‘న్యూసెన్స్’ అంటున్నారు. మ్యూట్ చేసుకుంటున్నారు. అలాంటివాళ్ల కళ్లు తెరిపించడానికి మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా అమ్మాయి స్పందన. దానికి ఐదేళ్లప్పుడు ఈ దేశం వచ్చాం. ఇప్పుడు డేకేర్‌లో పిల్లలకు టీచరు. అల్లుడు గౌతమ్ ఇంజినీరు, పని మీద క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటూ శనివారాలు వచ్చిపోతుంటాడు. అమ్మాయికి ఏడో నెల వచ్చేసరికి మా దగ్గరే ఉంచుకున్నాం.

ఒక మంగళవారం పొద్దున దాని మెడ మీద నాలుగు పొక్కులు కనిపించాయి. మా ఆవిడ శకుంతల క్లినిక్కుకు ఫోన్ చేస్తే, లోపలికి రావద్దు, కార్లోనే కూర్చోండి అన్నారట. డాక్టరమ్మ మాస్కు పెట్టుకుని కారు దగ్గరికే వచ్చి చూసిందట. చికెన్‌పాక్స్ అంది. అంటే మన ఆటలమ్మ. డేకేర్‌లో ఎవరో బుడతడు ఇచ్చిన కానుక.

యాంటీవైరల్ మాత్రలు రాసింది. ఎసైక్లోవిర్ అట. రోజుకు ఐదు. పొక్కులు కనిపించిన ఇరవై నాలుగు గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందంది. చాలా ఏళ్లుగా కడుపుతో ఉన్నవాళ్లు వాడుతున్నారు, బిడ్డలకు హాని చేసినట్టు కనబడలేదు, అసలు భయం జబ్బుతోనే, ముదిరితే తల్లి ఊపిరితిత్తుల దాకా పోతుంది అని కూడా చెప్పిందట. ఇదంతా ఎంతసేపట్లో? నాలుగు నిమిషాల్లో! ఒక ఆడపిల్ల, దాని కడుపులో ఇంకో ప్రాణం, ఇద్దరి విషయం నాలుగు నిమిషాల్లో తేల్చేస్తారా? మేమైతే వంకాయలు ఏ షాపులో బాగుంటాయో తేల్చడానికి వారం తీసుకుంటాం.

పైగా మా ఇళ్లలో ఆటలమ్మను జబ్బు అనరు. అమ్మవారు వచ్చింది అంటారు. ఇంటికొచ్చిన అమ్మవారిని చల్లబరిచి, నీళ్లు పోసి, మర్యాదగా సాగనంపుతారు గాని మందేసి తరుముతారా? మా నాయనమ్మ వింటే ఏమనుకుంటుంది? ఆవిడ పోయి ముప్పై ఏళ్లయిందనుకోండి, అయినా భయం భయమే.

కిచెన్ గట్టు మీద మందుపెట్టె కనబడింది. వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. “ఫ్రెండ్స్, మా అమ్మాయికి ఏడో నెల. ఆటలమ్మ. ఈ మాత్ర వేసుకోవచ్చా? అర్జెంట్.” ఆ పెట్టె తీసుకెళ్లి పూజ అలమరలో అమ్మవారి పటం ముందు పెట్టాను. పెద్దలు ఏదో ఒకటి తేల్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని తలుపు బయటి నుంచే స్పందనకు చెప్పాను. సరే నాన్నా అంది. మా పిల్ల మెత్తనిది, నా మాట జవదాటదు.

ఇక చూడండి, జ్ఞానం ఎలా ప్రవహించిందో!

మొదట లక్ష్మణరావు గారు కలగజేసుకున్నారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నీటి సంగతి తెలిసినవాడికి ఒంటి సంగతి తెలియదా? ఇంగ్లిషు మందు వేడి, అమ్మవారు వేడి, రెండు వేడులూ కలిస్తే పిల్ల తట్టుకోలేదని తేల్చారు. ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, తల దువ్వకూడదు, మగవాళ్లు గడ్డం గీసుకోకూడదు అని కూడా ఆజ్ఞాపించారు. పొక్కులు అమ్మాయికైతే గడ్డం నాదెందుకని నేను అడగలేదు. అడ్మిన్ అన్నవాడికి సంస్కారం ఉండాలి. ఆఫీసు వీడియో కాల్‌లో మా మేనేజరు నన్ను చూసి, ఈ గడ్డం ఏదైనా చారిటీకి విరాళాల కోసమా అని జాలిగా అడిగింది.

తర్వాత దుర్గేష్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. మందు కాగితం ఇంటర్నెట్‌లో వెతికి, ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టాడు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడే ముందు డాక్టరును అడగాలి అని ఉంది అందులో. చూశారా! ఏమీ లేకపోతే డాక్టరును అడగమని ఎందుకంటారు? మేం డాక్టరును అడిగాకే కదా మాత్ర వచ్చిందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. దుర్గేష్ అంతటితో ఆగకుండా నెల్లూరులో ఉన్న బావమరిదిని కూడా సంప్రదించాడు. ఆయన డాక్టరే. పశువుల డాక్టరు. గేదెలకు తానెప్పుడూ ఈ మాత్ర రాయలేదని కచ్చితంగా చెప్పాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మరి రెండు వందల పన్నెండు మంది పూజారులుంటే ఎంత భద్రత!

సాయంత్రానికి ఉషశ్రీ గారు పోలింగ్ పెట్టారు. వేసుకోవచ్చు, వద్దు, సగం మాత్ర. మూడే ఆప్షన్లు. ‘సగం మాత్ర’కు నలభై ఒక్క ఓట్లు వచ్చాయి. ‘వద్దు’కు ఇరవై మూడు. ‘వేసుకోవచ్చు’కు తొమ్మిది. ముప్పైమంది ఓటు వెయ్యకుండా దణ్ణం బొమ్మలు పెట్టారు. వైద్య చరిత్రలో ఇంత పారదర్శకత ఎక్కడైనా చూశారా?

వేపాకు సంగతి చెప్పనే లేదు. అమ్మవారికి వేపమండ లేకపోతే ఎలా? ఆక్లాండ్ అంతా గాలించినా వేపచెట్టు కనబడలేదు. విమానంలో తెప్పిద్దామంటే ఎయిర్‌పోర్టులో ఆకు అన్న మాటకే వాసన పట్టే కుక్కను తీసుకొస్తారు. చివరికి ఊరికి ఆ చివర ఆల్బనీలో ఉండే వంశీ అనే కుర్రాడు తన పెరట్లో ఫిజోవా కొమ్మలు నరికి, మోటార్‌వే మీద పడి తెచ్చాడు. ఫిజోవా అంటే జామలాంటి పండు, ఇక్కడ ప్రతి పెరట్లోనూ ఉంటుంది. ఆకు ఆకే కదా అంకుల్, మనసు ముఖ్యం అన్నాడు. గుమ్మానికి కట్టాం. అమ్మవారు చల్లబడిందో లేదో తెలియదు గాని చీమలు మాత్రం ఇంట్లోకి వచ్చాయి.

ఇంత గొప్ప చర్చలో ఒకే ఒక్క అపశ్రుతి. మా పక్కింటి అంజని. ఫిజీ నుంచి వచ్చినావిడ. వాళ్ల తాతముత్తాతలు చెరకుతోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లు. మనలా గబగబా రాదుగాని ఆ మాట్లాడే నాలుగు తెలుగు ముక్కలూ ముద్దుగా మాట్లాడుతుంది. బుధవారం పొద్దున గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది: “పిల్ల మందు వేసిందా? జొరం ఎంత ఉంది?”

ఇలాంటి సూటి ప్రశ్నలతోనే చర్చలు పాడవుతాయండీ. అయినా అప్పటికే పైన ఇరవై మెసేజ్‌లు, కింద ముప్పై మెసేజ్‌లు పడిపోయాయి గనక ఎవరికీ జవాబు చెప్పవలసిన అవసరం కలగలేదు. ఆవిడ మాత్రం రెండు పూటలా గుమ్మం ముందు క్యారేజీ పెట్టి, బెల్లు కొట్టి వెళ్లిపోయేది.

బుధవారం పొద్దున పది గంటలైంది. ఇరవై నాలుగు గంటలు అయిపోయాయి. సభ కొనసాగుతోంది. మర్నాడూ కొనసాగింది. పదిమంది చేతిలో పాము చావదని ఎవరన్నారో గాని, మా గ్రూపు చూసే అని ఉంటారు.

గురువారం మధ్యాహ్నం. లక్ష్మణరావు గారు ‘సగం మాత్ర’ను మజ్జిగలో వెయ్యాలా, తేనెలో వెయ్యాలా అన్న అంశం మీద మాట్లాడుతున్నారు. నేను శ్రద్ధగా చదువుతున్నాను. పక్క గదిలోంచి దగ్గు వినబడింది.

మళ్లీ దగ్గింది. ఈసారి ఆగకుండా.

డాక్టరమ్మ చెప్పిన ఊపిరితిత్తుల మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండు రోజులుగా ఎక్కడ దాక్కుందో ఆ మాట! ఫోను సోఫాలో పారేసి పూజ అలమర దగ్గరికి పరిగెత్తాను. సగమూ లేదు, మజ్జిగా లేదు, మొత్తం మింగించేద్దామని పెట్టె తెరిచాను.

లోపల మడతపెట్టిన కాగితం ఒక్కటే ఉంది. ఒక్క మాత్రా లేదు.

శకుంతలా అని ఇల్లు అదిరిపోయేలా అరిచి, స్పందన గది తలుపు తోసుకుని వెళ్లాను. అది మంచం మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సగం ఖాళీ అయిన మాత్రల అట్ట. పక్కన శకుంతల వీపు నిమురుతోంది. మాత్ర మింగుతుంటే నీళ్లు పొలమారాయట. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. రెండు వందల మంది తలుచుకుంటుంటే పొలమారదా మరి!

అది పన్నెండో మాత్ర. మొదటిది మంగళవారం ఫార్మసీ ముందు కార్లోనే వేసుకుందట. మాత్రలన్నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఖాళీ పెట్టె గట్టు మీద పడేసిందట. నేను ఫోటో తీసి, పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టి, మూడు రోజులు కాపలా కాసింది ఆ అట్టపెట్టెను. మా ఆవిడకు అన్నీ తెలుసు. నీతో వాదించే ఓపిక లేక ఊరుకున్నానంది.

నాకు కోపం రావాలి. రాలేదు. మంచం అంచున కూలబడ్డాను. ముందే చెప్పొచ్చుగా అమ్మా అన్నాను.

అది పొక్కులతో ఉబ్బిన మొహంతో నా వైపు చూసింది. “నాన్నా, నా గురించి టూ హండ్రెడ్ పీపుల్‌ని అడిగావు. నేను పక్క రూమ్‌లోనే ఉన్నాను కదా, నన్నెందుకు అడగలేదు?”

సిగ్గేసింది. డాక్టరమ్మ చెప్పింది విన్నది అది, మోస్తున్నది అది, దురద దానిది, భయం దానిది. నేను మాత్రం బోటనీ నుంచి నెల్లూరు దాకా అందరినీ అడిగాను, గేదెలను కూడా వదలకుండా.

అమ్మవారు చల్లగా వెళ్లిపోయింది. తర్వాత రెండు నెలలకు మనవడు పుట్టాడు, పండులా ఉన్నాడు. ఆ ఘనత ఎవరిదన్నది గ్రూపులో ఇంకా తేలలేదు. లక్ష్మణరావు గారు ఫిజోవా ఆకుదంటున్నారు. దుర్గేష్ తన బావమరిదిదంటున్నాడు. నిజం చెప్పి అంతమంది మనసులు కష్టపెట్టడం ఎందుకని నేను ఊరుకున్నాను.

ఇదంతా అయి నెలలు గడిచాయి కదా, బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? మొన్న స్పందన పెదవి మీద చిన్న పొక్కు లేచింది. మళ్లీ డాక్టరమ్మ, మళ్లీ అలాంటి యాంటీవైరల్ మాత్రే. బాబుకు నాలుగో నెల, తల్లిపాలు తాగుతున్నాడు. నా బొటనవేలు నా మాట వినలేదు. “ఫ్రెండ్స్, పాలిచ్చే తల్లి ఈ మాత్ర...” అని పంపేశాను. పంపాక స్పందన అడిగిన మాట గుర్తొచ్చి, వెంటనే డిలీట్ చేశాను.

అంతే! అడ్మిన్ ఏం డిలీట్ చేశాడన్న దాని మీద చర్చ మొదలైంది. ఉషశ్రీ గారు పోలింగ్ పెట్టారు. ‘ఇల్లు అమ్మేస్తున్నారు’ అన్నది ముందంజలో ఉంది.

నేను వెళ్లి స్పందన గది తలుపు కొట్టాను. డాక్టరమ్మ ఏమందమ్మా అని అడిగాను. ఈసారి దాన్నే అడిగాను. అది నన్ను వింతగా చూసి, అన్నీ చెప్పింది. పాలల్లోకి వెళ్లేది చాలా కొంచెమట, పాలివ్వడం ఆపక్కర్లేదట. పొక్కు మానేదాకా బాబును ముద్దు మాత్రం పెట్టుకోకూడదట. చెప్పడం పూర్తి చేసి లేచింది.

“బాబుని పట్టుకో నాన్నా. నేను టాబ్లెట్ వేసుకుంటాను.”

పట్టుకున్నాను. జేబులో ఫోను అదేపనిగా మోగుతోంది. గ్రూపు గొప్ప వరమని ఇప్పటికీ అంటాను, తీసి జవాబు చెప్పాలనే ఉంది. కాని వీడు ఏడు కిలోలున్నాడండీ, రెండు చేతులూ కావాలి.