ఎనిమిది వందల పన్నెండు నోళ్ళు

ఆ రోజు పొద్దున డాక్టరమ్మ భర్తకు అప్పగించిన పని ఒక్కటే.

"కింద ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందట. మీకు ఎలాగూ కాలేజీ లేదు కదా, కాస్త తీసి పెట్టండి. తియ్యడమే. ఇంకేం ముట్టుకోకండి."

"ఆ మాత్రం దానికి ఇంత చెప్పాలా?" అన్నారు భర్త.

ఆయన కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతారు. కానీ మనసంతా కంప్యూటర్ల మీదే. వీధిలో అందరూ ఆయన్ను అప్‌డేట్ మాస్టారు అంటారు. ఫోను నెమ్మదించిందని ఎవరైనా నోరుజారి ఆయన ముందు అన్నారంటే, ఇక అరగంటకు గానీ ఇల్లు చేరరు. ర్యామ్ ఎంత ఉండాలో, బ్యాటరీ ఎప్పుడు ఛార్జింగ్ పెట్టాలో, పక్క గదిలోకి వైఫై ఎందుకు రావడం లేదో అన్నిటికీ ఆయన దగ్గర సమాధానం ఉంది. ఫ్యాను చప్పుడు విని కంప్యూటర్ ఆయుష్షు చెప్పగలనని ఆయన నమ్మకం. ఇప్పటిదాకా మూడింటికి రోజులు దగ్గరపడ్డాయని చెప్పారు. మూడూ ఇంకా నిక్షేపంగా పనిచేస్తున్నాయి.

పళ్ళ క్లినిక్ వాళ్ళింటి కింది అంతస్తులోనే ఉంది. నాలుగు కుర్చీల హాలు, ఒక కౌంటరు, లోపల డాక్టరమ్మ గది. కౌంటరులో డాక్టరమ్మ పిన్ని కూర్చుంటుంది. కంప్యూటర్ మీద ఆవిడకు కోపమూ లేదు, నమ్మకమూ లేదు.

మాస్టారు ప్రింటర్ వెనక మూత తెరిచి, నలిగిన కాగితాన్ని చిరగకుండా బయటికి లాగారు. రెండు నిమిషాల పని. గోడ గడియారం చూస్తే తొమ్మిదింబావు. క్లినిక్ తెరిచేది పదింటికి. ముప్పావుగంట ఖాళీ, ఎదురుగా కంప్యూటరు. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

"అత్తయ్యగారూ, ఈ సాఫ్ట్‌వేర్ ఎప్పటిదో తెలుసా?"

"క్లినిక్ పెట్టినప్పటిది."

"అంటే అయిదేళ్ళు. అయిదేళ్ళలో ఒక్క అప్‌డేట్ కూడా చెయ్యలేదు. ఇంట్లో నన్ను పెట్టుకుని."

"పనిచేస్తోంది కదా అల్లుడుగారూ."

"పనిచెయ్యడం వేరు, సరిగ్గా పనిచెయ్యడం వేరు."

"అమ్మాయి ఏదీ ముట్టుకోవద్దంది."

"నేనెక్కడ ముట్టుకున్నాను? మౌసుతోనే కదా."

అప్‌డేట్ ఇరవై నిమిషాల్లో పూర్తయింది. కొత్త వెర్షన్‌లో పేషెంట్ల ఫోన్లకు సందేశాలు పంపే సౌకర్యం వచ్చింది. రాసిపెట్టిన సందేశాలు కూడా అందులోనే ఉన్నాయి. మాస్టారి ముఖం వెలిగిపోయింది. కిందటేడు తన పన్ను నింపించుకున్నారు కాబట్టి, జాబితాలో చివరెక్కడో ఆయన కూడా ఉన్నారు. తనకు తానే ఒకటి పంపుకుని చూద్దామనుకున్నారు. పరీక్ష ఎప్పుడూ గట్టిగా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకని అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని ఎంచుకున్నారు. 'మీ ఎక్స్‌రే పరిశీలించాము. ఏమాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే వచ్చి డాక్టరును కలవండి' అని ఉంది అందులో.

తన పేరు పక్కన టిక్కు పెట్టారు. పైన 'అందరూ' అన్న గడిలో కొత్త వెర్షన్ తనంతట తానే ఒక టిక్కు పెట్టుకున్న సంగతి ఆయన చూడలేదు. 'పంపు' నొక్కారు. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. ఆయన ఫోను మాత్రం పలకలేదు. మరోసారి నొక్కారు. ఇంకోసారి కూడా నొక్కారు.

"నేననుకుంటూనే ఉన్నాను. లోపం నెట్‌లో ఉంది," అని తేల్చేశారు. "అత్తయ్యగారూ, ఒక పిన్నీసు ఇవ్వండి."

పిన్ని మనసొప్పకుండానే ఇచ్చింది. రూటర్ వెనకనున్న సన్నని రంధ్రంలోకి పిన్నీసు దూర్చి, పది అంకెలు లెక్కపెట్టి, దాన్ని మొదటికంటా చెరిపేసి మళ్ళీ అమర్చారు. దీపాలు వరసగా వెలిగాయి. నెట్ వచ్చింది. క్లినిక్ ఫోను కూడా అదే రూటర్ మీద ఆధారపడి బతుకుతోందని, దాని ప్రాణం ఇప్పుడే పోయిందని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

అప్పుడు మాస్టారి ఫోను టింగుమంది. వెంటనే రెండోసారి, ఆపైన మూడోసారి కూడా మోగింది.

"చూశారా, లోపం నెట్‌లోనే," అని ఆయన అంటూండగానే గేటు చప్పుడైంది.

వచ్చింది ఒక తాతగారు. ఒగరుస్తూ కౌంటరు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, నా ఎక్స్‌రే చూశారట. నాకున్నవన్నీ కట్టుడు పళ్ళే. అవి రాత్రిళ్ళు గ్లాసులో ఉంటాయి. వాటికేమైంది?"

పిన్ని అల్లుడి వైపు తిరిగేలోగా ఒక బస్సు కండక్టరమ్మ యూనిఫారంలోనే లోపలికి వచ్చింది. "నాకు ఎక్స్‌రే అసలు తియ్యనే లేదు. తియ్యకుండానే కనబడిందంటే ఎంత ముదిరిపోయి ఉంటుంది? మూడుసార్లు చెప్పారంటే మాటలా?"

మాస్టారు తెర పైభాగం వైపు చూశారు. 'అందరూ' పక్కన టిక్కు. కింద సన్నని అక్షరాల్లో లెక్క: ఎనిమిది వందల పన్నెండు మందికి చేరింది. మూడుసార్లు. ఆయన తెర దగ్గరికి వంగి ఆ లెక్క మళ్ళీ చదివారు.

"ఏమైంది అల్లుడుగారూ?"

"ఏం లేదు. చిన్న సవరణ."

గబగబా సవరణ టైపు చేశారు. 'పొరపాటు మాదే. మీ ఎక్స్‌రేలో కంగారుపడాల్సిన విషయం ఉంది అనుకోవద్దు.' మర్యాదగానే ఉంది, స్పష్టంగానూ ఉంది. ఈసారి ఒక్కసారే నొక్కారు. కానీ కొత్త వెర్షన్‌లో సొంతంగా రాసే సందేశానికి ఇన్ని అక్షరాలేనని హద్దు ఉంది. హద్దు దాటినదాన్ని అది అడక్కుండానే కోసేస్తుంది. తెలుగు వాక్యంలో కాదు, లేదు, వద్దు అన్నీ చివరనే ఉంటాయని దాన్ని తయారుచేసినవాళ్ళకు తట్టి ఉండదు. కండక్టరమ్మ ఫోను మోగింది. ఆవిడ పైకే చదివింది.

"పొరపాటు మాదే. మీ ఎక్స్‌రేలో కంగారుపడాల్సిన విషయం ఉంది."

తాతగారు కుర్చీలో కూలబడ్డారు.

పదింటికి డాక్టరమ్మ మెట్లు దిగుతూ మధ్యలోనే ఆగిపోయింది. మామూలుగా పదకొండింటికి కూడా అయిదుగురు మించని హాలులో నలభై మంది ఉన్నారు. గేటు బయట ఇంకో ముప్ఫై మంది. కొందరు తోడుగా చుట్టాలను తెచ్చుకున్నారు. అందరిదీ ఒకటే మాట. ఫోన్ చేస్తే పలకడం లేదు, కావాలనే ఎత్తడం లేదు, ఫోనులో చెప్పే విషయం కాదు కాబోలు.

"ప్రింటర్‌లో కాగితం తీశారా?" అంది డాక్టరమ్మ భర్తతో, నెమ్మదిగా.

"తీశాను," అన్నారు మాస్టారు. తరవాత జరిగింది కూడా చెప్పేశారు. దాచే ఓపిక ఆయనకు లేదు.

అయిదేళ్ళుగా ఒక్కొక్కరి దగ్గరా సంపాదించుకున్న నమ్మకం ఆ హాలులో నిలబడి తన వైపే చూస్తోంది. ఆవిడ స్టూలెక్కింది.

"అందరూ వినండి. ఆ సందేశాలు పొరపాటున వచ్చాయి. మీ ఎక్స్‌రేలు ఎవరూ చూడలేదు. ఎవరికీ ఏమీ లేదు. నన్ను క్షమించి ఇళ్ళకు వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు.

"పదిమందిలో ఎలా చెప్తారమ్మా," అన్నారు తాతగారు పక్కవారితో, సానుభూతిగా. "లోపలికి పిలిచి ఒక్కొక్కరికీ చెప్తారు."

"నిజంగానే ఏమీ లేదండీ," అన్నారు మాస్టారు.

"మీరెవరు?"

"డాక్టరుగారి భర్తను. నేనే పంపాను."

"డాక్టరుగారు పంపారనుకున్నాం. ఇంట్లోవాళ్ళకి కూడా తెలిసిపోయిందన్నమాట," అంది కండక్టరమ్మ నీరసంగా.

ఇక మార్గం లేదు. పిన్ని పాత కాగితాలు చింపి వాటి మీద అంకెలు వేసి పంచింది. లోపల డాక్టరమ్మ లైటు వేసుకుని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి నోరు తెరవమంది. "బాగుంది. ఏమీ లేదు. వెళ్ళండి." కండక్టరమ్మ ఆ మాట మళ్ళీ చెప్పించుకుని, గది దాటేసరికే నవ్వుతూ డ్యూటీకి పరుగెత్తింది. తాతగారు కట్టుడు పళ్ళు తీసి చూపించి, పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి బయటికి వచ్చే ప్రతివారినీ పలకరించి సంతోషం పంచుకున్నారు. పొద్దున ఏడుపు ముఖాలతో వచ్చినవాళ్ళు విప్పారిన ముఖాలతో వెళుతున్నారు. మాస్టారు మాత్రం గేటు పక్కన నిలబడి వచ్చినవారందరికీ అదే క్షమాపణ చెబుతున్నారు. మధ్యాహ్నానికి గొంతు పోయింది.

రెండు గంటలప్పుడు టైలరు వచ్చాడు. పక్క వీధిలో కుట్టు దుకాణం ఆయనది. మెడలో కొలత టేపు తియ్యడం కూడా మరిచి వచ్చాడు. ఆయన్ను చూడగానే పిన్ని లేచి నిలబడింది.

"అమ్మాయీ, ఆయన వచ్చాడు."

ఎనిమిది నెలల కిందట టైలరు పంటి నొప్పితో వచ్చినప్పుడు, బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఒకటి డాక్టరమ్మకు కనబడింది. రెండు వారాల్లో మళ్ళీ రమ్మంది. రాలేదు. పిన్ని ఎన్నిసార్లు ఫోన్ చేసినా వచ్చే వారం, పై వారం అన్నాడు. ఆ మచ్చ సంగతి డాక్టరమ్మ ఇంట్లో కూడా చాలాసార్లు తలచుకుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?" అని అడిగింది ఇప్పుడు, లైటు ఆయన వైపు తిప్పుతూ.

"భయం డాక్టరుగారూ. రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను. ఇవాళ కూడా పై వారం వస్తానని చెబుదామని ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేశాను. మీరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే రాకపోదును."

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. మచ్చ పెరిగింది. చిన్న ముక్క తీసి పెద్దాసుపత్రికి పరీక్షకు పంపింది. ఫలితానికి పది రోజులన్నారు.

ఆ పది రోజులూ మాస్టారు ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి పాత వెర్షన్ తిరిగి పెట్టించారు. రోజూ కాలేజీ నుంచి వస్తూ కుట్టు దుకాణం ముందు ఒక క్షణం ఆగి, మిషను చప్పుడు వినబడితే నడిచిపోయేవారు. ఇంట్లో డాక్టరమ్మ ఆ పొద్దుటి మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆయనకు ఎక్కువ బాధగా ఉంది.

పదకొండో రోజు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి కుర్చీలో వెనక్కి వాలింది.

"క్యాన్సర్ కాదు. ఇంకో ఏడాది వదిలేస్తే అయ్యేదే. మచ్చ తీసేస్తే, ఆయన పొగాకు మానేస్తే సరిపోతుంది."

మాస్టారు గోడకు ఆనుకున్నారు. పిన్ని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మీరు చేసింది తప్పే," అంది డాక్టరమ్మ. "అందులో అనుమానం లేదు. కానీ ఆ టిక్కు చూసుకుని ఉంటే, ఫోను చచ్చిపోకుండా ఉంటే, సవరణ సరిగ్గా వెళ్ళి ఉంటే ఆయన వచ్చేవాడు కాదు. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు."

"ఏమీ అనకు," అన్నారు మాస్టారు, పదకొండు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి పూర్తిగా వదులుతూ.

నెల తిరిగాక టైలరు నవ్వుకుంటూ వచ్చి, మాస్టారికి ఒక కొత్త చొక్కా కుట్టి ఇచ్చి వెళ్ళాడు. గళ్ళ చొక్కా, చక్కగా కుదిరింది. చెయ్యి ఊరికే అటు పోకుండా, ఫోను పెట్టుకునే జేబుకు మాత్రం మూత కుట్టి, నాలుగు బొత్తాలు వేయమన్నది డాక్టరమ్మేనట.