విస్కీ తెలిసిన తోడల్లుడు

విస్కీ మాన్పించే మందు ఇంకా కనిపెట్టలేదని ఎవరన్నారు? కనిపెట్టారండీ! దాని పేరు విస్కీ ఎక్స్‌పర్టు. ఇంటికొకడుంటే చాలు, ఆ వీధిలో ఎవరి కాళ్లూ తడబడవు.

నమ్మకపోతే మన లెక్కల మాస్టారి సంగతి వినండి.

మాస్టారికి విస్కీ అంటే ఇష్టం, దాని రుచి అంటే భయం. అందుకని గ్లాసు అడుగున కాస్త పోసుకుని, అంచుదాకా కూల్‌డ్రింకు నింపి, కళ్లు మూసుకుని తాగేస్తారు. బావమరిది దారి వేరు. ఆయన గ్లాసునిండా ఐసు గుట్ట, విస్కీ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక మామగారు నది మీద లాంచీ నడిపిన మనిషి. చలిగాలి తిన్న ప్రాణం. స్టీలు గ్లాసులో వేడినీళ్లు కలుపుకుని, టీ తాగినట్టు ఊదుకుంటూ తాగుతారు. ముగ్గురూ ఒకరి గ్లాసులోకి ఒకరు తొంగిచూడకుండా ఇన్నేళ్లూ హాయిగా బతికేశారు.

మామగారు రిటైరైన సాయంత్రం అందరూ హాల్లో చేరారు. “ఇవాళ ఆఖరి ట్రిప్పులో ఏమైందంటే...” అని ఆయన మొదలుపెట్టారో లేదో, గుమ్మంలో మాస్టారి తోడల్లుడు ప్రత్యక్షం! డెంటిస్టు. ఈమధ్యే ఏదో టూరులో విస్కీ ఫ్యాక్టరీ చూసొచ్చాడు. చంకలో ఖరీదైన సీసా, చేతిలో సన్నమూతి గ్లాసుల పెట్టె.

మాస్టారు కూల్‌డ్రింకు మూత తిప్పారు. అది బుస్సుమంది. డెంటిస్టు ఉలిక్కిపడ్డాడు.

“అన్నయ్యా, ఏంటది? ఏళ్ల తరబడి పీపాలో నిద్రపోయిన విస్కీ ఇది. చక్కెర నీళ్లలో ముంచి చంపేస్తారా? పళ్లు కూడా పుచ్చిపోతాయి!”

మాస్టారు కూల్‌డ్రింకును కాలితో కుర్చీ కిందకి తోసేశారు. ఐసు దాకా వెళ్లిన బావమరిది చెయ్యి వెనక్కొచ్చేసింది. మామగారి స్టీలు గ్లాసునైతే డెంటిస్టు రెండు వేళ్లతో ఎత్తి, పీకిన పన్నును పెట్టినట్టు ట్రేలో పెట్టాడు.

“ముందు వాసన చూడాలి. నోరు కొంచెం తెరవండి. ఇంకొంచెం.”

అందరూ నోళ్లు తెరిచారు.

“ఏం తెలుస్తోంది?”

“విస్కీ వాసనొస్తోంది” అన్నారు మామగారు.

“అది కాదు మామయ్యగారూ! పొగ, తేనె, పాత తోలు...”

“తోలా?” మాస్టారు తన గ్లాసు కాస్త దూరం జరిపారు.

మామగారు ఒక గుక్క తీసుకుని, మళ్లీ చెప్పబోయారు. “మింగొద్దు! నాలుక మీదే ఉంచండి!” అన్నాడు డెంటిస్టు. నోట్లో విస్కీ పెట్టుకుని ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఎంత మేలు చూడండి! ఎవరూ తూలలేదు. పాత గొడవలు తవ్వలేదు. పాటలు పాడలేదు. సీసా పావువంతైనా ఖాళీ కాలేదు. మిగిలినదాన్ని గాలి తగలకుండా దాచాలంటూ డెంటిస్టే చంకన పెట్టుకుని, ఇంకో ఇంట్లో రుచి నేర్పాలని వెళ్లిపోయాడు. బావమరిది నాలుక మొద్దుబారిందంటూ వెళ్లి పడుకున్నాడు.

మాస్టారు వంటింట్లోకి తొంగిచూశారు. అత్తగారు నీళ్లు కాస్తున్నారు. మామగారు డబ్బాల వెనకనుంచి తన మామూలు సీసా తీస్తున్నారు. కూల్‌డ్రింకు వీపు వెనక దాచుకుని నిలబడ్డ అల్లుణ్ణి చూసి నవ్వారు.

“రా బాబూ. కలుపుకో. నీ నోరు, నీ ఇష్టం.”

“ఆఖరి ట్రిప్పులో ఏమైంది మామయ్యగారూ?”

“ఏముంది... రేవుకి ఆనించాను. ఒక్కళ్లూ దిగలేదు. బుట్టలూ సైకిళ్లూ పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంకోసారి తిప్పవయ్యా, మళ్లీ నువ్వు దొరకవుగా అన్నారు.”

“తిప్పారా?”

“తిప్పక!”

అత్తగారు స్టీలు గ్లాసు ఆయన చేతికిచ్చి, స్టవ్వు ఆర్పి, ఆయన పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆయన ఊదుకుంటూ ఒక గుక్క తాగి, ఎవరెవరు ఎక్కారో దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

కాబట్టి చెబుతున్నాను, విస్కీ ఎక్స్‌పర్టు లేని ఇల్లు ఉండకూడదు. తప్పకుండా పిలవండి. మంచి కుర్చీ వెయ్యండి. చెప్పినట్టల్లా నోరు తెరవండి. కాకపోతే, కాస్త పెందలాడే పంపించెయ్యండి. ఇంట్లోవాళ్లు మాట్లాడుకోవాలి కదా!