పాఠకుల సరఫరా పథకం

సాంస్కృతిక శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో బల్ల గుద్ది ప్రకటించారు: "మగవాణ్ణి ప్రేమించే మగవాళ్ళూ, ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్ళూ రాసే కథలకు ఇకమీదట పాఠకుల్ని సమకూర్చే పూచీ ఈ ప్రభుత్వానిది. చదివే దిక్కులేక ఒక్క రచయిత కూడా కలం కింద పెట్టకూడదు."

మైకులు ఎగిరిపడ్డాయి. ఇంత మంచి మాటను ఇంత గట్టిగా అన్న మంత్రిని నా జన్మలో చూడలేదు.

పథకానికి మొదటి లబ్ధిదారుడు మా పై వాటాలో ఉండే రచయిత. అతనూ, వాచీలు బాగుచేసే అతనూ ఒకరంటే ఒకరికి ప్రాణంగా ఉంటారు. ఆ సంగతి వీధికంతా తెలుసు, ఎవరికీ తెలియనట్టే ఉంటాం. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద అతను నవల రాసి అచ్చేయించాడు. అమ్ముడుపోని కాపీలు మంచం కింద చేరి చేరి మంచాన్ని పైకి లేపేశాయనీ, పొద్దున్నే దిగడానికి నిచ్చెన వేసుకుంటున్నారనీ వీధిలో చెప్పుకునేవారు. మొదట చెప్పింది నేనే.

"చివరి పేజీ దాకా చదివినవాడు ఒక్కడు కనబడితే రెండో నవల రాస్తాను తాతగారూ. లేదంటే ఇక మానేస్తా," అన్నాడు రచయిత.

"నేను చదివాగా," అన్నాడు వాచీలతను, కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

"నువ్వు ఇంట్లోవాడివి. లెక్కలోకి రావు."

తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. నేను కళ్ళజోడు కోసం వెతుక్కున్నాను. అది నా ముక్కు మీదే ఉంది.

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. ప్రతి సెక్షనూ తన వాటా పాఠకుల్ని పంపాలని మర్నాడే సర్క్యులర్ వెళ్ళింది. సిబ్బంది హాల్లో బారులు తీరారు. రచయిత కింది వాటాలో ఉంటాననీ, జుట్టు నెరిసిందనీ అర్హతలు చూసి నన్ను 'సీనియర్ పాఠక ప్రతినిధి'గా వేశారు. హాలు మధ్యలో ఒక గుమాస్తా చెయ్యెత్తాడు.

"సార్, ఈ పుస్తకం నా చేతిలో చూస్తే మా బావమరిది ఏమనుకుంటాడు?"

"అట్ట వేసుకోవయ్యా," అన్నాడు సూపరింటెండెంటు.

"దేని అట్ట సార్?"

"ఆదాయపు పన్ను గైడుది. అది చూస్తే ఎవడూ దగ్గరికి రాడు."

"మరి లోపల చదవాలా సార్?"

"చదవమని సర్క్యులర్‌లో ఎక్కడుంది? పాఠకుడిగా ఉండమన్నారు. ఉండు."

ఇంత స్పష్టంగా సందేహం తీర్చే అధికారి దొరకడం ఆ శాఖ అదృష్టం. సాయంత్రానికల్లా ఊరంతా పన్ను గైడులే. ప్రజల్లో పన్ను చైతన్యం పెరిగిందని ఇంకో శాఖ మంత్రి ఆ ఘనత తన ఖాతాలో వేసుకున్నారు.

నవల దేని గురించని పత్రికలవాళ్ళు అడిగితే మంత్రిగారి పీఏ తడుముకోలేదు. "ఇద్దరు మనుషులు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గొడుగు. పొదుపు మీద ఇంత గొప్ప నవల రాలేదు," అన్నాడు. అలాగే అచ్చయింది.

శాఖ తరఫున పెట్టిన సన్మాన సభ రోజున రచయిత హాలు గుమ్మంలో నిలబడి, వచ్చిన పాఠకుణ్ణల్లా ఒకటే అడిగాడు: "ముగింపు ఎలా ఉందండీ?"

"పెళ్ళితో ముగించారు చూడండీ, కడుపు నిండిపోయింది."

"ఇద్దరూ చచ్చిపోతారని నేననుకోలేదు సార్."

"ముగింపు మాత్రం మా సెక్షన్ ఆఫీసరుగారు చూసుకుంటారండి."

వాచీలతను పక్కనే నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. "ఇంటికి పోదాం పద," అన్నాడు మెల్లగా. రచయిత నిజంగానే బయల్దేరేవాడు. ఇంతలో పీఏ వచ్చి, మంత్రిగారు రమ్మంటున్నారని అతన్ని వేదిక వెనక గదిలోకి లాక్కెళ్ళాడు. పాఠక ప్రతినిధిని కాబట్టి నేనూ వాళ్ళ వెనకే వెళ్ళి మెత్తటి కుర్చీలో చేరగిలబడి కళ్ళు మూసుకున్నాను.

"ఈ పెద్దాయన?" అన్నారు మంత్రిగారు.

"చెవుడు సార్," అన్నాడు పీఏ.

నాకు చెవుడని ఆ క్షణం దాకా నాకే తెలియదు. పీఏని కూడా బయటికి పంపి మంత్రిగారు తలుపు గడియ పెట్టారు. గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, చివరి పేజీలో వాడు రైలు దిగి వెళ్ళిపోయాడు, బాగుంది. రెండోవాడు కిటికీ దగ్గరే కూర్చున్నాడు. చూశాడా లేదా?"

రచయిత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూశాడండి."

"మరి రాయలేదే?"

"రాస్తే ఏడుపొచ్చిందండి. అక్కడికి ఆపేశాను."

"నువ్వు ఆపేశావు. నాకు ఆగలేదు." మంత్రిగారు మొహం కడుక్కుని, అద్దంలో తనను చూసుకుని, మీసం సర్దుకున్నారు. "పద, జనం ఎదురుచూస్తున్నారు."

మైకు ముందు ఆయన గొంతు గంటలా మోగింది. "నిజాయితీగా చెబుతున్నాను. ప్రజాసేవలో మునిగి ఈ పుస్తకం ఒక్క పేజీ కూడా తిప్పలేకపోయాను. అలాంటి పుస్తకాలు చదివే అలవాటూ నాకు లేదు." నిజాయితీకి చప్పట్లు మోగాయి. చదివామని చెప్పుకున్నవాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు.

తర్వాత రచయితను రెండు మాటలు మాట్లాడమన్నారు. అతను ముందు వరసలో ఉన్న వాచీలతని వైపు చూసి నవ్వాడు.

"నాకు ఒక పాఠకుడు దొరికాడు. పేరు చెప్పను. రెండో నవల రేపే మొదలుపెడతాను."

హాల్లో గుసగుస బయల్దేరింది. ఎవడా ఒక్కడు? పక్కవాణ్ణి పక్కవాడు అనుమానంగా చూసుకున్నారు. మంత్రిగారే లేచి, ఆ పాఠకుడు ఎక్కడున్నా వెతికి పట్టుకుని సన్మానించి తీరతామని, అందుకు అక్కడికక్కడే కమిటీ వేస్తున్నామని ప్రకటించారు. అధ్యక్షులు కూడా ఆయనే.

కమిటీ ఇప్పటికీ శ్రమిస్తూనే ఉంది. దర్యాప్తు నిమిత్తం రెండో నవలలో ప్రతి అధ్యాయాన్నీ రాసింది రాసినట్టు సీలు వేసిన కవరులో అధ్యక్షులవారి ఇంటికి పంపాలని రచయితకు ఉత్తర్వు అందింది. ఈ వారం అధ్యాయం ఆలస్యమైందని ఇప్పటికే రెండుసార్లు ఫోను చేయించారు.