గాలికి పర్మిట్

"ఇవాళ్టి నుంచి గాలి మన ఊరికి చుట్టం కాదు, పౌరుడు!" అని, ఊళ్లో ఎవరేం కట్టుకోవచ్చో తేల్చే మా జోనింగ్ కమిషన్ చైర్మన్ డెల్మర్ క్రూగ్ గారు ఏప్రిల్ మొదటి సోమవారం టౌన్ హాల్లో ప్రకటించారు. హాల్లో ఉన్న పదకొండు మందిమీ చప్పట్లు కొట్టాం. మా కాన్సస్ రాష్ట్రంలో గాలికి కరువు లేదు గానీ దానికో పద్ధతి లేదని ఆయన ఎప్పటినుంచో బాధపడుతున్నారు. అందుకే ఇళ్ల పెరళ్లలో చిన్న గాలిమరలు పెట్టుకోవడానికి నలభై ఒక్క పేజీల నిబంధనలు స్వయంగా రాశారు. కంటికి కనపడని వస్తువు మీద అన్ని పేజీలు రాయడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు.

నేను మా ఊరు ప్లమ్ ఫోర్క్‌లో క్షౌరశాల నడుపుతాను. కమిషన్లో ఐదో సభ్యుణ్ణి కూడా. చైర్మన్ గారు చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తడం నా బాధ్యత. ఇంతవరకూ పొరపాటు చేయలేదు.

మొదటి దరఖాస్తు వెర్నా స్టోల్జ్ గారిది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. టర్కీ కోడి గుడ్లు మిషన్లో పొదిగించి పిల్లల్ని అమ్ముకుంటుంది. మార్చిలో మంచు తుపానుకు రెండు రోజులు కరెంటు పోయి తొమ్మిది వందల గుడ్లు చల్లబడిపోయాయి. ఇంకోసారి అలా జరిగితే ఇక మూసుకోవడమే. అందుకని ఓ గాలిమర, దానికో బ్యాటరీ పెట్టుకుంటానంది.

"ఎంత ఎత్తమ్మా?" అని అడిగారు డెల్మర్ గారు.

"అరవై అడుగులు."

"పదిహేడో పేజీ ప్రకారం ముప్పై అయిదు దాటకూడదు."

"పోనీ, ముప్పై అయిదే పెడతాను."

"కుదరదమ్మా. ఇరవై రెండో పేజీ ప్రకారం చుట్టుపక్కల చెట్ల కంటే ముప్పై అడుగులు పైన తిరగాలి. మీ పక్కింటి చెట్టు ముప్పై అడుగులుంది."

"అంటే అరవై ఉండాలి, ముప్పై అయిదు దాటకూడదు. అంతేనా?"

"భలే! ఇంత త్వరగా ఎవరికీ అర్థం కాలేదు," అని మెచ్చుకున్నారు డెల్మర్ గారు.

మే నెలలో చప్పుడు కొలవడానికి ఇంజనీరును పంపారు. కంచె దగ్గర యాభై డెసిబెళ్లు దాటకూడదు. ఆయన మిషను అరవై రెండు చూపించింది.

"ఇంకా గాలిమర పెట్టనే లేదు కదయ్యా!" అంది వెర్నా.

"మా భయమూ అదేనండీ. పెట్టకముందే ఇంత మోత."

"ఆ మోత గాలిది!"

"ఎవరిదైనా మీ స్థలంలోంచే వస్తోంది కదా," అని ఇంజనీరు ఆమె పేరున నోటీసు రాసిచ్చాడు.

జూన్‌లో బహిరంగ విచారణ జరిగింది. పక్కింటి వెండెల్ బాబ్ లేచి, రెక్కల నీడ తన కుక్క మీద పడుతుందని, అది అసలే దిగులు మనిషని చెప్పాడు. విషయం సున్నితమైంది కాబట్టి డెల్మర్ గారు వారం వాయిదా వేశారు.

"డెల్మర్, నాయనా," అంది వెర్నా. "నిన్ననే మళ్లీ మిషన్లో గుడ్లు పొదగేశాను. ఇరవై ఎనిమిది రోజులు వాటికి వెచ్చదనం తప్పకూడదు. జూలైలో గాలివానలు నీ పుస్తకం చదివి రావు." ఎవరూ అడగకుండానే నా చెయ్యి సగం లేచింది. దించేశాను.

వారం తర్వాత ఆమె పాత దరఖాస్తు వెనక్కి తీసుకుని, అరఠావు కాగితం మీద కొత్తది ఇచ్చింది.

"జెండా కర్రా?" అన్నారు డెల్మర్ గారు.

"అవును. అరవై అడుగులు. జెండా కర్రకి ఎత్తు పరిమితి లేదటగా?"

"జెండాకి పరిమితేమిటమ్మా! మరి కొసన ఇదేమిటి?"

"గద్ద. జెండా కర్ర మీద మన జాతీయ పక్షి ఉండటం మామూలేగా."

"దీనికి మూడు రెక్కలున్నాయే?"

"మంచి గద్ద."

"తిరుగుతుందా?"

"మన దేశపు గద్ద, ఓ చోట కుదురుగా కూర్చుంటుందా డెల్మర్?"

డెల్మర్ గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డారు. అందరం నిలబడ్డాం. రెండు నిమిషాల్లో ఏకగ్రీవంగా ఆమోదించాం. నేను రెండు చేతులూ ఎత్తాను.

జూలై పదకొండున మిట్టమధ్యాహ్నం గాలివాన వచ్చి ఊరంతటికీ కరెంటు పోయింది. వెర్నా గారి గద్ద ఈల వేస్తూ తిరిగింది. అయిదు రోజులకి ఆరు వందల ముప్పై పిల్లలు కిచకిచలాడుతూ బయటికొచ్చాయి. ఒకదాన్ని దోసిట్లో పట్టుకుని ఆమె నవ్వుతుంటే చూశాను. వృత్తి అలవాటు కొద్దీ తల దువ్వుకోమని చెప్పి వచ్చేశాను.

సెప్టెంబరులో రాష్ట్ర రాజధాని నుంచి ఓ అధికారి, గాలిమరల నిబంధనలకు మెచ్చి, మా చైర్మన్ గారికి ఇత్తడి ఫలకం పట్టుకొచ్చాడు.

"మీ ఊళ్లో మొత్తం ఎన్ని గాలిమరలున్నాయండీ?"

"ఒక్కటీ లేదు," అన్నారు డెల్మర్ గారు గర్వంగా. "అందుకే ఒక్క ఫిర్యాదూ లేదు."

అధికారి ముచ్చటపడి రాసుకున్నాడు. తర్వాత కిటికీ వైపు చెవి పెట్టాడు.

"మరి ఆ ఝుమ్మనే చప్పుడేమిటి?"

"దేశభక్తి," అన్నారు డెల్మర్ గారు.

బయట గిర్రున తిరిగే పద్నాలుగు గద్దల కింద పద్నాలుగు జెండాలు రెపరెపలాడుతున్నాయి. అన్నిటికంటే ఎత్తయినది, అయిదు రెక్కల గద్ద ఉన్నది, చైర్మన్ గారి పెరట్లోది.