పరివర్తన గదిలో మంత్రిగారు

"ఇకపై మన జైళ్లలో ఖైదీలుండరు. పరివర్తన చెందుతున్న పౌరులుంటారు!" అని మంత్రి నరసింగరావుగారు ప్రకటించగానే, సబ్‌జైలు వార్డర్‌గా అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

పరివర్తన కోసం మా జైలుకి ఝాన్సీ అనే కౌన్సెలింగ్ సైకాలజిస్టుని వేశారు. ఆవిడలో ఒకటే లోపం. నిజంగా పనిచేసేవారు.

గంగులు అని ఒక చేపలవాడు. తాగిన మత్తులో బావమరిదిని తెడ్డుతో కొట్టి రిమాండుకొచ్చాడు. వచ్చినప్పటినుంచి మాట లేదు, సరిగా తిండి లేదు. మేడమ్ నాలుగు రోజులు వాడి ఎదురుగా ఊరికే కూర్చున్నారు. ఐదో రోజు వాడు నోరు విప్పాడు.

"దాని తమ్ముడ్ని కొట్టీసినానమ్మా. మా మరిడమ్మ ఒక్కపాలి వస్తే సాలు. తిట్టినా పర్లేదు."

మేడమ్ ఫోన్ చేసి వాడి పెళ్లాం మరిడమ్మని ఒప్పించారు. గురువారం ములాఖత్ అనగానే గంగులు రెండు ముద్దలు తిన్నాడు.

గురువారమే మంత్రిగారి తనిఖీ. భద్రత దృష్ట్యా సూపరింటెండెంటు గణపతిరావుగారు ములాఖత్‌లు రద్దు చేశారు. గేటు దగ్గర మరిడమ్మని నేనే ఆపాను.

"రెండు బస్సులు మారొచ్చినాను బాబూ. ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"లోపల మంత్రిగారు కుటుంబ బంధాల గురించి మాటాడతన్నారమ్మా. రేపు పేపర్లో ఏస్తారు, సూసుకో" అని ధైర్యం చెప్పి పంపేశాను.

లోపల మంత్రిగారు ఫొటో కోసం మేడమ్ ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"ఏదైనా మాట్లాడుతున్నట్టు ఉండాలి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఈమధ్య నిద్ర పడుతోందా సార్?" అని అడిగారు మేడమ్.

మంత్రిగారు ఆవిడ వైపు చూశారు. తర్వాత మమ్మల్నందర్నీ బయటికి పొమ్మని చెయ్యి ఊపారు.

గంటన్నర. తలుపు సందులోంచి వెక్కిళ్లు వినిపించాయి.

"ఈపాలి నాకు టిక్కెట్టు లేదంటన్నారు తల్లీ! సొంత బామ్మర్దే ఎనకాల గోతులు తవ్వీసినాడు!"

మొహం కడుక్కుని వచ్చి, ఇంత గొప్ప పథకం దేశంలోనే లేదన్నారు మంత్రిగారు. అక్కడికక్కడే ఫోన్ మీద ఆర్డరు వేయించారు: ఝాన్సీగారికి విజయనగరంలోని తన క్యాంపు ఆఫీసుకి డిప్యుటేషన్. "లోపల ఒక మనిషికి మాటిచ్చాను సార్" అని ఆవిడ అంటూనే ఉన్నారు. కాన్వాయ్‌లో రెండో కారు ఎక్కించారు.

ఆవిడ బాధ్యతలు నాకు అదనంగా అప్పగించారు. మర్నాడు ఆ కుర్చీలో కూర్చుని గంగుల్ని పిలిచాను.

"మా మరిడమ్మ రాలేదేటి బాబూ?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

వాడు లేచి వెళ్లిపోయాడు. నా మొదటి కౌన్సెలింగ్ రెండు నిమిషాల్లో పూర్తయింది.