ఫ్రిజ్జులో పెట్టిన ఆప్షన్లు

ఇంటర్ పాసైన పిల్ల ఆ తర్వాత ఏం చదవాలన్నది ఆ పిల్లకు తప్ప మిగతా సమాజమంతటికీ సంబంధించిన విషయం. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, ప్రస్తుతం ప్రొద్దుటూరులో విశ్రాంతి తీసుకుంటున్న నాకు కొత్తవి కనిపెట్టే అలవాటు లేదు. ఉన్న పద్ధతిని ఉన్నట్టు రాసిపెట్టడం వరకే నా పని.

మా పక్కింటి నూరుల్లా మోటార్లకు వైండింగ్ చేస్తాడు. సింహాద్రిపురం చీనీ (బత్తాయి) తోటల్లో కాలిపోయిన బోరు మోటార్లు ఆటోలెక్కి ఆయన అంగడికి వస్తాయి. ఆయన కూతురు ఆర్షియాకు ఈ ఏడాది ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ర్యాంకు వచ్చినవాళ్లు ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో ఎంచుకుని, వరుస నంబర్లతో వెబ్‌సైట్లో పెట్టాలి. వీటినే ఆప్షన్లు అంటారు. ర్యాంకు వచ్చింది ఒక్క పిల్లకే. ఆప్షన్లు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి.

అందువల్ల ఆదివారం పొద్దున నూరుల్లా ఇంట్లో ఆప్షన్ల సంఘం సమావేశమైంది. జమ్మలమడుగు నుంచి వచ్చిన పిల్ల మేనమామ అలీ అహ్మద్ అధ్యక్షత వహించాడు. (ఆయన పదకొండేళ్లు కువైట్‌లో ఉన్నాడు. అక్కడి ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నవాడూ, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడూ ఒకడేనని కళ్లారా చూశాడు. విద్యారంగంలో ఆయన అర్హత ఇదే.) పులివెందుల నుంచి వచ్చిన మొయిన్, అంటే నూరుల్లా తమ్ముడు, ఉపాధ్యక్షుడు. దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

ముందు నియమావళి తయారైంది. రక్తసంబంధీకులు ఎన్ని ఆప్షన్లయినా చెప్పవచ్చు. ఇరుగుపొరుగుకు రెండేసి. టీ తాగే నెపంతో వచ్చినవారికి ఒకటి. ర్యాంకు తెచ్చుకున్న వ్యక్తికి మాత్రం ఓటు ఉండదు, ఈ వ్యవహారంలో ఆమెకు స్వార్థం ఉన్నందున.

"కంప్యూటరే రాయి నారాయణప్పా," అన్నాడు అలీ అహ్మద్. "ఒకటి నుంచి పది దాంకా అదే రాయి. మిగతాది తర్వాత సూస్తాం."

"ఉత్త కంప్యూటర్ ఇప్పుడు యాడ నడుస్తాంది భాయ్?" అని మొయిన్ అడ్డు తగిలాడు. "డేటా సైన్స్ అని వచ్చినాది. మా పులివెందుల బస్టాండు కాడ జిరాక్సు అంగడాయప్ప కొడుకు గూడా అదే సదువుతాండాడు."

"అంటే ఏందిరా అది?" అని వాళ్లమ్మ ఖమర్‌బీ అడిగింది.

"డేటా ఉంటాది గదమ్మా. దాని సైన్సు."

ఈ వివరణతో సంఘం సంతృప్తి చెందింది. జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చిన మా ఇంటావిడ నిర్మలమ్మ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే కోర్సు కూడా ఉందనీ, పెండ్లి పత్రికలో ఆ పేరు నిండుగా ఉంటుందనీ చెప్పి రెండు ఆప్షన్లు రాయించి వెళ్లింది. ఇంటి కోటా ఆవిడే వాడేసినందున రెండు టీలు తాగి, నా వంతు రెండూ టీ తాగేవారి కోటాలో సర్దుకున్నాను.

మధ్యలో ఆర్షియా తండ్రి వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "నాకు ఎలక్ట్రికల్ ఇష్టం అబ్బా."

ఆ పిల్ల ఎనిమిదో ఏట నుంచి తండ్రి అంగట్లో రాగి తీగ చుట్లు లెక్కపెడుతోంది. మోటారు మోత విని ఏ ఫేజు పోయిందో చెప్పగలదు. ఇది వీధిలో అందరికీ తెలుసు. తెలిసినందువల్లే ఎవరూ పట్టించుకోలేదు.

నూరుల్లా రెండు చేతులూ చాచాడు. వేళ్ల నిండా కాలిన మచ్చలు. "ఇవి సూడు. ఇరవై ఐదేండ్లు వార్నిష్ పొగ మింగినా. మల్లా నువ్వు గూడా ఈ కరెంటు కాడికే వస్తానంటాండావా? నువ్వు ఏసీలో కూర్సోవాల."

అందులో కోపం లేదు, భయం ఉంది. అది నాకు అర్థమైంది. మినిట్స్‌లో మాత్రం "ఎజెండాలో లేని అంశం ప్రస్తావనకు వచ్చింది, తిరస్కరించడమైనది" అని రాశాను.

మొత్తం నలభై ఒక్క ఆప్షన్లు తేలాయి. ప్రతిదాని ఎదుటా అది ఎవరి ఆప్షనో రాసి, సంఘం సభ్యుల సంతకాలు తీసుకున్నాను. అప్పుడే నూరుల్లా ఫోనుకు మెసేజ్ వచ్చింది. మొయిన్ పైకి చదివాడు. "మీరు ఎంచుకున్న ఆప్షన్లను గురువారం సాయంత్రం ఐదు గంటలలోపు ఫ్రీజ్ చేయవలెను."

ఫ్రీజ్ అంటే ఏమిటో అధ్యక్ష, ఉపాధ్యక్షులిద్దరికీ తెలియదు. తెలియదని చెప్పడానికి పెద్దరికం ఒప్పుకోదు.

"అవును, ఫ్రీజ్ చేయాల్సిందే. లేకుంటే చెడిపోతాయి," అన్నాడు అలీ అహ్మద్.

ఖమర్‌బీ మారుమాట లేకుండా లేచింది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్జు దగ్గరికి పోయింది. పై అరా, కింద అరా అన్న చర్చ కాసేపు జరిగింది. కింద పెడితే చల్లబడతాయే తప్ప ఫ్రీజ్ కావని మొయిన్ సాంకేతిక సలహా ఇచ్చాడు. ఆవిడ పై అరలో, ఐసు గడ్డల పక్కన పెట్టి తలుపు వేసింది.

నాకు తెలుసు. ఫ్రీజ్ చేయడమంటే వెబ్‌సైట్లో ఖరారు చేయడమని మా అబ్బాయి అవినాష్ సీటప్పుడు నేర్చుకున్నాను. ఆర్షియా నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. అరలోకి చేరిన ఫైలును కదిలించడం నా ఉద్యోగ ధర్మానికి విరుద్ధం.

నాలుగు రోజులు అంతా సవ్యంగా నడిచింది. ఐసు కోసం ఫ్రిజ్జు తలుపు తీయరాదని ఇంట్లో ఉత్తర్వు వెలువడింది. గురువారం పొద్దున పదకొండు గంటలకు ఆర్షియా తల్లి మైమూన్ వంటింట్లో నీళ్లు తొక్కింది. ఫ్రిజ్జు ఆగిపోయింది.

మధ్యాహ్నానికల్లా జమ్మలమడుగు, పులివెందుల రెండూ ప్రొద్దుటూరులో దిగాయి. ఒకసారి కరిగిన ఆప్షన్లను మళ్లీ ఫ్రీజ్ చేస్తే చెల్లుతాయా అన్నది మొదటి ప్రశ్న. చెల్లుతాయని తేలాక, ఎక్కడ చేయాలన్నది రెండోది.

"మా ఇంట్లో డబుల్ డోర్ ఉండాది. ఐసు డబ్బాలో పెట్టియ్యి, బస్సులో ఎత్తకపోతా," అన్నాడు అలీ అహ్మద్.

"ప్రొద్దుటూరు ఆప్షన్లు జమ్మలమడుగులో ఫ్రీజ్ చేస్తే ఎట్లప్పా? సీటు గూడా ఆడనే ఇస్తారు," అన్నాడు మొయిన్. "అంతకంటే పులివెందుల మేలు."

పరిధి గురించి ఇంత శ్రద్ధగా జరిగిన చర్చ నేను ఆఫీసులో కూడా చూడలేదు. ఖమర్‌బీ ఆ కవర్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఆర్షియా ఫ్రిజ్జు వెనక చెవి పెట్టి వింది. ప్లగ్గు పీకింది. మీటరు పెట్టి చూసింది. అంగడికి పోయి బొటనవేలంత వస్తువు ఒకటి తెచ్చి, వెనక రేకు విప్పి బిగించింది. ప్లగ్గు పెట్టగానే ఫ్రిజ్జు గుర్రుమంది. పదిహేను నిమిషాల పని. సంఘం ఇంకా బస్సు టైములు చూస్తోంది.

నూరుల్లా మాత్రం గోడకానుకుని మొదటి నుంచీ చూస్తున్నాడు.

"కంప్రెసర్ పోయిందేమో అనుకుంటి," అన్నాడు.

"కాదబ్బా. టక్కుటక్కుమని కొట్టుకుంటాండాది గానీ ఎత్తుకోల్యా. దాన్ని ఎత్తించే రిలే పోయినాది."

"పాతదైంది, పోయింది."

"నువ్వు ఎప్పుడూ అంతే అంటావు," అంది ఆర్షియా. "పొద్దున వోల్టేజీ తక్కువొచ్చె. ఎత్తుకోల్యాక మల్లా మల్లా కొట్టుకొని కాలిపాయ. తోటల్లో మోటార్లు గూడా సగం అట్లనే కాలతాండాయి. నువ్వు కాలినేటివి బాగు చేస్తాండావు. కాలకుండా చేసేది నేను నేర్చుకుంటా."

నూరుల్లా తన చేతుల వైపు చూసుకున్నాడు.

"పా, పోదాం," అన్నాడు చివరికి కూతురితో. సంఘం వైపు తిరిగి, "ఐసు గడ్డలు తెస్తాం, కూర్సోండి," అని చెప్పి కూతుర్ని స్కూటర్ ఎక్కించుకుని పోయాడు. గంటకు తిరిగొచ్చారు. ఐసు లేదు. ఆర్షియా చేతిలో నెట్ సెంటర్ కాగితం ఒకటి మడిచి ఉంది. ఫ్రిజ్జు నడుస్తోంది కనుక ఐసు సంగతి ఎవరూ అడగలేదు. నలభై ఒక్క ఆప్షన్లు సగౌరవంగా పై అరలోకి చేరాయి.

ఫలితం వచ్చింది. పులివెందులలో సీటు, ఎలక్ట్రికల్. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. జాబితాలో ఎక్కడా లేని కోర్సు ఎలా వచ్చిందో అధ్యక్షుడికి అంతుపట్టలేదు. సర్వర్ పొరపాటన్నాడు మొయిన్. కోర్టుకు పోవాలన్న మాట కూడా వచ్చింది.

"ఏందిరా మీ తెలివి!" అంది ఖమర్‌బీ. "ఫ్రిజ్జు కరెంటుదా, కాదా? దాంట్లో పెడితే కరెంటు సదువు రాక ఇంగేమొస్తాది?"

ఆవిడ ముఖంలో నవ్వన్నది లేదు. మనవరాలి వైపు చూడను కూడా చూడలేదు. సంఘం ఆలోచించి ఇందులో తర్కముందని అంగీకరించింది. వచ్చే ఏడాది మొయిన్ కొడుకు ఇమ్తియాజ్ ఆప్షన్లను కంప్యూటర్ మీద పెట్టి, పైన ఏసీ వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆర్షియా కాలేజీలో చేరి నెలైంది. మొన్న ఫ్రిజ్జు కడుగుతూ మైమూన్ ఆ కవరు తెచ్చి, కార్యదర్శి దగ్గర ఉండాల్సిందని నాకు ఇచ్చింది. విప్పి చూశాను. నలభై ఒక్క ఆప్షన్లూ చెక్కుచెదరలేదు. ఒక్కోదాని ఎదుట ఒక్కో పేరుంది. అలీ అహ్మద్‌వి పద్నాలుగు, మొయిన్‌వి పన్నెండు, చివర్లో నావి రెండు. పైన "అభ్యర్థి పేరు" అని నేనే గీత గీసిన చోట మాత్రం ఏమీ లేదు. రాయాలని ఆరోజు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

దస్తూరి మాత్రం చాలా బాగుంది.